సర్ జేమ్స్ యంగ్ సింప్సన్: తల్లుల వైద్యుడు

శతజయంతి సంచికలలో సాధారణంగా మిషనరీల, బిషప్పుల, పాదిరిగార్ల జీవితాలు చదువుతాము. అది న్యాయమే. అయితే ప్రసంగపీఠం ఎక్కకుండానే, తన వృత్తినే పరిచర్యగా చేసుకొని లోకంలోని తల్లులందరికీ మేలు చేసిన ఒక సామాన్య సంఘస్థుని జీవితాన్ని ఈ పుటలలో తలచుకోవడం కూడ తగినదే. ఆయన స్కాట్లండు దేశస్థుడు, ఎడింబరో నగరంలో ప్రసూతి వైద్యశాస్త్ర ఆచార్యుడు, సర్ జేమ్స్ యంగ్ సింప్సన్ గారు. క్లోరోఫారం కనిపెట్టిన వైద్యుడని ఆయనను గూర్చి పాఠశాలలో చదివినవారు మనలో ఉన్నారు. నిజానికి ఆ మందును మొదట తయారుచేసినవారు వేరు. దానిని కాన్పు గదికి తెచ్చినవారు సింప్సన్ గారు. అంతకన్న ముఖ్యమైన సంగతి ఒకటుంది. బిడ్డ పుట్టిందా, తల్లి బ్రతికిందా అని అడిగి ఊరుకునే కాలంలో, ఆ తల్లి ఏ స్థితిలో మంచం దిగిందని కూడ ఆయన అడిగారు.

సింప్సన్ గారు 1811వ సంవత్సరం జూన్ 7న ఎడింబరోకు పడమరగా ఉన్న బాత్‌గేట్ అనే చిన్న ఊరిలో జన్మించారు. తండ్రి డేవిడ్ రొట్టెలు కాల్చి అమ్ముకునేవాడు. జేమ్స్ గారు ఆ ఇంట ఏడవ కుమారుడు. తొమ్మిదవ యేట తల్లి మరణించింది. అటుపిమ్మట అక్క ఆయనను పెంచింది. పిల్లవాడు చురుకైనవాడని గ్రహించి, అన్నలు తమ సంపాదనలో మిగిల్చి ఆయన చదువుకు ఖర్చుపెట్టారు. ఇంటిల్లిపాది చెమటోడ్చి ఒక్కనిని చదివించడం మన కుటుంబాలకు కొత్త కాదు గదా. పద్నాలుగవ యేట ఆయన ఎడింబరో విశ్వవిద్యాలయంలో చేరారు. 1832లో వైద్యంలో డాక్టరు పట్టం పొందారు.

విద్యార్థిగా ఉన్న రోజులలో ఒక పేద స్త్రీకి రొమ్ముకు శస్త్రచికిత్స జరుగుతుండగా ఆయన చూశారని ఆయన జీవితచరిత్రలలో చెబుతారు. అప్పటికి మత్తుమందు లేదు. మనిషిని పట్టుకొని కదలనీయకుండా కోసేవారు. ఆ దృశ్యం చూడలేక ఆయన బయటకు నడిచి, వైద్యం మాని న్యాయస్థానంలో గుమాస్తాగా చేరుదామా అనుకున్నారట. కాని కొంత ఆలోచించి తిరిగి వచ్చారు. ఆ బాధను చూడకుండా పారిపోవడం కంటె దానిని తగ్గించే దారి వెదకడం మేలని ఆయన నిశ్చయించుకున్నట్లు తరువాతి జీవితమే సాక్ష్యమిస్తుంది.

1840 ఫిబ్రవరిలో ఎడింబరోలో ప్రసూతిశాస్త్ర ఆచార్య పదవికి ఎన్నిక జరిగింది. అప్పటికి సింప్సన్ గారికి ఇరవై ఎనిమిదేండ్లు. వయస్సు చాలదన్నారు. పెండ్లి కానివాడు స్త్రీల వైద్యం బోధించడమేమిటన్నారు. అంతకు కొద్ది వారాల ముందే, 1839 డిసెంబరులో, ఆయన జెస్సీ గ్రిండ్లే అనే యువతిని వివాహమాడి ఆ ఆక్షేపణకు జవాబు చెప్పారు. 17 ఓట్లకు 16 ఓట్లు, ఒకే ఒక్క ఓటు ఆధిక్యంతో నెగ్గారు. కొద్ది సంవత్సరాలలోనే ఆయన తరగతులు కిక్కిరిసిపోయాయి. గొప్పింటివారు, కూలివారు కూడ ఆయన గుమ్మంలో వేచి ఉండేవారు. 1847 జనవరిలో స్కాట్లండులో విక్టోరియా రాణి గారి వైద్యులలో ఒకరిగా నియమితులయ్యారు.

ఆనాటి కాన్పులు ఎలా ఉండేవో తెలిస్తేగాని ఆయన చేసిన పని విలువ మనకు తెలియదు. కాన్పు సుఖంగా జరిగితే సరి. బిడ్డ అడ్డం తిరిగినా, తల్లి కటి ఎముకలు ఇరుకైనా వైద్యుని చేతిలో ఉన్నవి మూడే దారులు. చేయిపెట్టి బిడ్డను త్రిప్పి కాళ్లు పట్టి తీయడం ఒకటి. ఫోర్సెప్స్ అనే పెద్ద ఇనుప పట్టుకారుతో తల పట్టి లాగడం రెండవది. ఏదీ సాగకపోతే తల్లిని దక్కించుకోవడానికి బిడ్డ తలను చిదిమి బయటకు తీయడం మూడవది. కడుపు కోసి బిడ్డను తీసే సిజేరియను అనేది పుస్తకాలలో ఉన్నా, ఆ కాలంలో దానినుండి బ్రతికి బయటపడిన తల్లులు బహు తక్కువ. గర్భసంచిని సరిగా కుట్టే పద్ధతి 1882లో గాని స్థిరపడలేదు.

బ్రతికిన తల్లుల మాట ఏమిటి? నొప్పులు రెండు మూడు రోజులు సాగితే, బిడ్డ తలకు, తల్లి ఎముకకు మధ్య మూత్రాశయం ఇరుక్కుని గంటల తరబడి ఒత్తిడికి గురవుతుంది. అక్కడ రక్తం ఆడదు. కండ చచ్చి, కొన్నాళ్ళకు ఊడి రంధ్రం పడుతుంది. ఇక ఆ స్త్రీకి రాత్రింబగళ్ళు మూత్రం ఆగదు. బట్టలు తడుస్తూ, వాసన వస్తూ ఉంటే భర్త దూరమవుతాడు, ఇరుగుపొరుగు దూరమవుతారు, ఆమె ఆరాధనకు రావడానికి కూడ సిగ్గుపడుతుంది. ఆమె పేరు మరణాల పట్టికలో ఉండదు. లెక్క ప్రకారం ఆమె క్షేమంగా ఉన్నట్టే. మరికొందరికి గర్భసంచి జారేది. మరికొందరికి బయటికి కనిపించే గాయం ఉండదు గాని, మరల గర్భం వచ్చిందని తెలియగానే ఒళ్ళంతా వణికేది.

1847 జనవరి 19న సింప్సన్ గారి వద్దకు అటువంటి స్త్రీయే వచ్చింది. ఆమె కటి ఎముకలు వంకరగా, ఇరుకుగా ఉన్నాయి. మొదటి కాన్పులో చాలసేపు యాతనపడిన తరువాత బిడ్డ తలను చిదిమి తీయవలసి వచ్చింది. అప్పటికి మూడు నెలల క్రితమే, 1846 అక్టోబరులో, అమెరికాలోని బోస్టను నగరంలో ఈథర్ ఆవిరి పీల్పించి నొప్పి తెలియకుండా శస్త్రచికిత్స చేశారు. ఆ వార్త సముద్రం దాటి వచ్చింది. సింప్సన్ గారు ఈ స్త్రీకి ఈథర్ పీల్పించి, బిడ్డను త్రిప్పి కొద్దిసేపటిలోనే బయటకు తీశారు. కాన్పులో మత్తుమందు వాడడం అదే మొదలు. బిడ్డ కొన్ని ఊపిరులు తీసుకొని మరణించింది. అది విజయమని ఎవరూ అనలేరు. అయితే తల్లికి తాను పడవలసిన యాతన తెలియలేదు. కొద్దిరోజులకే ఆమె లేచి, బట్టలు కట్టుకొని, తనంతట తాను నడిచింది. సింప్సన్ గారు తన నివేదికలో ఈ సంగతిని శ్రద్ధగా వ్రాసుకున్నారు. మొదటిసారి కాన్పుకూ రెండవసారి కాన్పుకూ ఆ స్త్రీ శరీరం ఒకటే, ఎముకలు అవే. మారింది కాన్పు జరిగిన విధానం. దానితోపాటు ఆమె కోలుకున్న తీరూ మారింది.

ఈథర్‌లో ఇబ్బందులున్నాయి. వాసన ఘాటు, దగ్గు తెప్పిస్తుంది, చాల పరిమాణం కావాలి. మెరుగైన దానికోసం ఆయన తన ఇంటి భోజనాల బల్లవద్ద సహాయకులైన జార్జ్ కీత్, మాథ్యూస్ డంకన్ గార్లతో కలిసి సాయంకాలాలు రకరకాల ద్రవాల ఆవిరి పీల్చి చూసేవారు. ప్రాణాపాయమైన పనే. లివర్‌పూల్‌లోని రసాయనశాస్త్రజ్ఞుడు డేవిడ్ వాల్డీ గారు క్లోరోఫారం సంగతి సూచించారు. 1847 నవంబరు 4 రాత్రి ముగ్గురూ దానిని పీల్చారు. కొంతసేపు హుషారుగా మాట్లాడి, తరువాత ఒకరి వెనుక ఒకరు నేలమీద పడిపోయారు. మెలకువ రాగానే, వెదకుతున్నది దొరికిందని సింప్సన్ గారికి అర్థమైంది.

నాలుగు రోజులు గడవకముందే, నవంబరు 8న, ఒక వైద్యుని భార్యకు కాన్పులో దీనిని ఇచ్చారు. ఆమెకు కూడ మొదటి కాన్పు మూడు రోజులు సాగి, చివరకు బిడ్డ దక్కలేదు. ఈసారి చేతిరుమాలుమీద వేసిన మందు పీల్చడం మొదలుపెట్టిన సుమారు ఇరవై అయిదు నిమిషాలకు ఆడపిల్ల పుట్టింది. మేల్కొన్న తల్లి, ఆ బిడ్డ తన బిడ్డేనంటే ఒక పట్టాన నమ్మలేకపోయింది. ఆ పిల్లకు మత్తుమందు పేరే పెట్టి బాప్తిస్మమిచ్చారని ఒక కథ ప్రచారంలో ఉంది. అది సరికాదు. ఆమె బాప్తిస్మపు పేరు విల్‌హెల్మినా. ఆ రెండవ పేరు ముద్దుపేరుగా మాత్రమే వాడుకలో ఉండేది.

అప్పుడు ఆక్షేపణలు లేచాయి. అందులో రెండు రకాలు. కొందరు వైద్యులు, ప్రసవవేదన ప్రకృతి ఏర్పాటనీ, దానిని ఆపితే కాన్పే ఆగిపోతుందనీ అన్నారు. కొందరు భక్తిపరులు, ఆదికాండము మూడవ అధ్యాయంలో హవ్వకు చెప్పబడిన మాటను చూపి, స్త్రీ వేదనతోనే కనవలెను గనుక ఆ వేదనను తీసివేయడం దైవాజ్ఞను ధిక్కరించడమే అన్నారు. ఈ రెండవ వాదనకు సింప్సన్ గారు 1847 డిసెంబరులోనే ఒక చిన్న పుస్తకం అచ్చువేయించి సమాధానమిచ్చారు. ఆయన హెబ్రీ మూలాన్ని పరిశీలించారు. హవ్వకు చెప్పిన మాటకూ, నేల దున్ని తినమని ఆదాముకు చెప్పిన మాటకూ మూలభాషలో ఉన్న పదబంధుత్వాన్ని చూపారు. ఆ మాటకు ప్రయాస అనే అర్థమున్నదనీ, పురుషుడు నాగలీ ఎద్దులూ పెట్టుకొని తన ప్రయాసను తగ్గించుకోవడం పాపం కాకపోతే స్త్రీ విషయంలో మాత్రం ఎందుకు పాపమవుతుందనీ అడిగారు. అదే గ్రంథం రెండవ అధ్యాయంలో, ఆదాము ప్రక్కటెముక తీసేముందు దేవుడు అతనికి గాఢనిద్ర కలుగజేశాడని కూడ గుర్తుచేశారు. తరువాతి చరిత్రకారులు వెదకి చూస్తే, బోధకులనుండి బహిరంగంగా వచ్చిన వ్యతిరేకత మనం అనుకున్నంత పెద్దది కాదని తేలింది. వైద్యుల అభ్యంతరాలే ఎక్కువ. అయినా ఆ ప్రశ్న ఎందరో తల్లుల మనస్సులో ఉండేదని తెలిసే ఆయన దానికి జవాబు వ్రాశారు.

వైద్యులకు ఆయన ఇచ్చిన జవాబు లెక్కలలో ఉంది. డబ్లిను ప్రసూతి ఆసుపత్రి పట్టికలు తీసుకొని, నొప్పులు ఎన్ని గంటలు సాగితే ఎందరు తల్లులు మరణించారో వరుసపెట్టి చూపారు. గంటలు పెరిగేకొద్దీ అపాయం పెరుగుతూ పోయింది. మితిమీరిన వేదన, మితిమీరిన ఆలస్యం మంచివి కావనీ, అవి తల్లి బలాన్ని హరిస్తాయనీ ఆయన వాదించారు. ఊరక వాదించి ఊరుకోలేదు. 1848లో ఫోర్సెప్స్‌ను తల్లికీ బిడ్డకూ మరింత అనువుగా మలిచారు. సింప్సన్ ఫోర్సెప్స్ పేరుతో అది నేటికీ ఆసుపత్రులలో ఉంది. ఇంచుమించు ఆ కాలంలోనే, గాలి లాగే గొట్టానికి తోలు తొడిగిన గిన్నె తగిలించి, బిడ్డ తలకు అంటించి లాగే సాధనాన్ని తయారుచేశారు. అది అప్పుడు నిలవలేదు. వంద సంవత్సరాలకు, 1950ల దశాబ్దంలో, స్వీడను వైద్యుడు మాల్మ్‌స్ట్రోమ్ గారు ఆ ఊహనే బాగుచేసి వాడుకలోనికి తెచ్చారు.

ఆయన చెప్పినదంతా నిర్దోషమని మనం అనరాదు. 1848 జనవరిలో ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేండ్ల పిల్ల కాలిగోరు తీయించుకోవడానికి క్లోరోఫారం పీల్చి మరణించింది. ఆ మందుకు అపాయం ఉందని లోకానికి తెలిసింది. సింప్సన్ గారు దానిమీద పెట్టుకున్న నమ్మకం కొంత అతిగానే ఉండేది. 1853 ఏప్రిల్ 7న డాక్టరు జాన్ స్నో గారు విక్టోరియా రాణి గారికి ఎనిమిదవ కాన్పులో కొద్దికొద్దిగా, కొలిచి ఇచ్చారు. రాణి గారు వాడిన తరువాత సామాన్యుల భయం చాల మట్టుకు పోయింది. తగ్గవలసిన మోతాదు ఎంతో నేర్పినవారు మాత్రం స్నో గారే.

ఈ మందు కథలో మన నేలకూ ఒక పాలు ఉంది. క్లోరోఫారం మొదట ఊపిరిని ఆపుతుందా, గుండెను ఆపుతుందా అనే ప్రశ్నమీద 1888లోనూ 1889లోనూ హైదరాబాదు నగరంలో రెండు పరిశోధక సంఘాలు పనిచేశాయి. ఎడింబరోలో చదివిన ఎడ్వర్డ్ లారీ గారు దానికి నాయకులు. రెండవ సంఘానికి నిజాము ప్రభువు ధనమిచ్చారు. రోగి ఊపిరిని ఎడతెగక కనిపెట్టవలెనని వారు చెప్పిన బోధ ఎంతో మేలు చేసింది. గుండె కూడ హఠాత్తుగా ఆగవచ్చునని 1911లో ఇంగ్లండులో లెవీ గారు నిరూపించడంతో వారి నిర్ణయం సగమే నిజమని తేలింది. లారీ గారి వద్ద చదివి, హైదరాబాదులో రోగులకు క్లోరోఫారం ఇచ్చిన రూపాబాయి ఫర్దూన్‌జీ గారిని ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు వైద్యురాలిగా చెబుతారు.

మరల సింప్సన్ గారి వద్దకు వద్దాము. బాలింత జ్వరం వైద్యుల, మంత్రసానుల చేతుల ద్వారా ఒక తల్లినుండి మరొక తల్లికి అంటుతుందని 1850లోనే ఆయన వ్రాశారు. పెద్ద పెద్ద ఆసుపత్రి గదులలో రోగులను కుక్కడం కంటె చిన్న చిన్న ఇండ్లవంటి వార్డులు మేలని వాదించారు. ఆడవారికి వైద్యవిద్య తలుపులు మూసి ఉన్న రోజులలో, అమెరికానుండి వచ్చిన డాక్టరు ఎమిలీ బ్లాక్‌వెల్ గారిని తన వద్ద పని నేర్చుకోనిచ్చారు.

ఇంట మాత్రం దుఃఖం ఆయనను విడువలేదు. తల్లుల బిడ్డలను దక్కించిన ఆ చేతులు తన బిడ్డలను పలుమార్లు సమాధికి మోశాయి. 1844లో పెద్ద కుమార్తె పోయింది. 1862లో జేమీ అనే కుమారుడు పోయాడు. 1866లో ప్రభుత్వం ఆయనకు బారొనెట్ బిరుదిచ్చిన రోజులలోనే పెద్ద కుమారుడు డేవిడ్, వెనువెంటనే కుమార్తె జెస్సీ మరణించారు. 1843లో స్కాట్లండు సంఘం చీలినప్పుడు ఫ్రీ చర్చిలో చేరిన ఆయన, 1861 చివరలో తన హృదయానికి నూతన జీవము కలిగిందని సాక్ష్యమిచ్చి, అటుతరువాత కూటములలో సామాన్యులకు బోధించారు. 1870 మే 6న మరణించారు. లండనులోని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధి చేస్తామన్నా కుటుంబమువారు ఒప్పుకొనక, ఎడింబరోలోని వారిస్టన్ శ్మశానవాటికలో ఆయన బిడ్డల ప్రక్కనే పాతిపెట్టారు. కొద్ది వారాలకే భార్య కూడ ఆయనను అనుసరించింది.

ఇప్పుడు క్లోరోఫారం కాన్పు గదులలో లేదు. సింప్సన్ గారి కాలంలో మరణశాసనంవంటి సిజేరియను నేడు మన ఊళ్ళలో నిత్యకృత్యమైంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 21.5 కాన్పులు ఆపరేషనుతో జరిగితే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7 జరిగాయి. అవసరమైనచోట ఆపరేషను దేవుడిచ్చిన వరమే. దానివల్లనే నేటి తల్లులు ఆ మూడు రోజుల యాతననుండి, ఆ మూత్రపు రంధ్రంనుండి తప్పించుకుంటున్నారు. అవసరం లేనిచోట మాత్రం దానికీ మూల్యం ఉంది. కుట్ల నొప్పితో మొదటి వారాలలో లేవడం, బిడ్డనెత్తడం, పాలివ్వడం కష్టమవుతుంది. తరువాతి గర్భంలో పాత కోతమీద మాయ అంటుకునే ప్రమాదం పెరుగుతుంది. సహజ కాన్పు అయినవారు త్వరగా కోలుకుంటారు గాని, దగ్గినా తుమ్మినా మూత్రం జారడం, గర్భసంచి దిగడం వారిలో కొంత ఎక్కువ. ఫోర్సెప్స్ వాడినచోట చిరుగులు ఎక్కువ. కొన్ని నెలలు గడిచేసరికి చాలమందిలో ఈ తేడాలు తగ్గిపోతాయి. కాని భయంతో, తన మాట ఎవరూ వినలేదనే బాధతో గడిచిన కాన్పు మనస్సుమీద వేసిన ముద్ర అంత సులభంగా పోదు.

మన సంఘాలలో, మన ఇండ్లలో ఈ సంగతి ఎలా మాట్లాడుకుంటున్నాము? ఆపరేషను అయిన కోడలిని నొప్పులు ఓర్చుకోలేకపోయిందని దెప్పేవారున్నారు. తమ కాలంలో పదిమందిని ఇంటనే కన్నామని చెప్పే పెద్దలున్నారు. ఆ పదిమందిని కన్న తల్లులలో ఎందరు మూత్రం ఆగక, నడుము నిలవక, ఎవరికీ చెప్పుకోలేక జీవితమంతా గడిపారో మనం లెక్క వేయలేదు. మరొకప్రక్క, ముహూర్తం కోసం, సౌకర్యం కోసం కోత కోరేవారూ ఉన్నారు. నొప్పి పడడం పుణ్యం కాదు, నొప్పి తప్పించుకోవడం పాపం కాదు. ఆ తల్లి శరీరానికి ఏ దారి క్షేమమో అదే ఆమెకు సరియైన దారి.

కాబట్టి బాలింతను చూడబోయినప్పుడు కాన్పు ఎలా అయిందని ఆరాతీసి ఊరుకోవద్దు. నిద్రపడుతున్నదా, నొప్పి తగ్గిందా, మూత్రం అదుపులో ఉన్నదా, మనస్సు దిగులుగా ఉన్నదా అని మన స్త్రీల సమాజపు అక్కలు మెల్లగా అడగవచ్చును. ఇబ్బంది ఉంటే సిగ్గుపడకుండా వైద్యురాలి వద్దకు వెంటపెట్టుకొని వెళ్ళవచ్చును. వీటిలో చాలవాటికి నేడు చికిత్స ఉన్నది. మగవారు ఇంటిపనిలో ఒక చేయి వేసి ఆమెకు నలభై రోజుల విశ్రాంతి నిజంగా దక్కేటట్లు చూడవచ్చును. రొట్టెలవాని ఇంట పుట్టి, తొమ్మిదవ యేట తల్లిని పోగొట్టుకున్న ఆ వైద్యుడు లోకంలోని తల్లులకోసం తన జీవితాన్ని వెచ్చించారు. మన సంఘంలోని తల్లులకోసం మనం చేయగలిగినది ఇంత చిన్నదైనా, దానిని ఈ శతజయంతి సంవత్సరంలో మొదలుపెట్టుదము గాక.